తేటనీళ్ల బొమ్మ

అనగనగా ఒక బురద కుంట, దానికో పెద్ద దున్నపోతు. నీళ్లు తేటపడాలంటూ అది పిల్లలకు బొమ్మల పోటీ పెట్టింది. పది బొమ్మల్లో తొమ్మిదింట దున్నపోతే ఉంది. పీతపిల్ల మాత్రం అడుగు కనబడే కుంటను గీసి, కాలు నిలవక అటూ ఇటూ పాకుతోంది. బురదకు ఊపిరాడక దాని నేస్తం చేపపిల్ల నీటిపైన నోరు తెరుస్తోంది మరి.

“ఇందులో నేనెక్కడే బుడ్డీ?” అంది దున్నపోతు.

“నువ్వు దిగితే అడుగెలా కనబడుతుంది మామా?”

ఆ మాట దాని వీపు మీది వానలా జారిపోయింది. “గడుసుదానివే! బహుమతి నీదే!” అని పిల్లల చప్పట్ల మధ్య తామరపువ్వు చేతికిచ్చి, ఎండకు తాళలేక కుంట వైపు నడిచింది.

పీతపిల్ల ఉరికి, పువ్వును దాని కాళ్ల ముందు పడేసింది.

“ఇది నువ్వే ఉంచుకో మామా. నీళ్లలో మాత్రం దిగకు.”

చప్పట్లు ఆగిపోయాయి. ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో దున్నపోతుకు తోచలేదు.