గుహలో దగ్గు

అడవి చివర గుహలో తోడేలు ఎలుకల చేత తెల్లరాళ్లు పొడి కొట్టించేది. ఎలుకకు తన తోక తనకే కనబడనంత దుమ్ము లేస్తే పని ఆపాలని, ఎవరికైనా దగ్గు పట్టుకుంటే వెంటనే పెద్ద ఏనుగుకు చెప్పాలని అడవి చట్టం.

"దగ్గు సంగతి బయటికి పొక్కిందా, గుహ మూతపడుతుంది. అప్పుడు మీ పిల్లలకు గింజలు ఎవరు పెడతారు?" అనేది తోడేలు. అందుకే ఎలుకలు నోట్లో ఆకులు కుక్కుకుని దగ్గేవి.

ఒకరోజు ఏనుగు తనిఖీకి వచ్చింది.

"ఎవరికైనా దగ్గుందా?"

ఏనుగు వెనక నిలబడ్డ తోడేలు పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. ఎలుకలు ఊపిరి బిగబట్టాయి. ఒక ఆడ ఎలుక పక్కకు చూసింది. దగ్గు ఆపుకోలేక దాని జోడీ మగ ఎలుక కళ్లు తేలేస్తోంది.

"అయ్యా, మా ఆయనకి..." అంది.

"చెప్పకే, చంపేస్తాడు!" మగ ఎలుక దాని చేయి పట్టుకుని లాగింది.

"ఈయనకి దగ్గుందయ్యా. నాకూ ఉంది."

తోడేలు నవ్వు ఆగిపోయింది. ఆడ ఎలుక కళ్లు మూసుకుంది. ఇంతలో వెనక వరసలో ఎవరో దగ్గారు. ఆ పక్కన ఇంకొకరు. తర్వాత గుహంతా దగ్గింది. తోడేలు ఏదో చెప్పబోయింది గాని, ఆ దగ్గుల్లో ఏనుగుకు ఒక్క ముక్కా వినబడలేదు.