మెట్ల కింద బల్ల

చిన్నప్పుడు బడి మొహం చూడనివాణ్ణి, మనవరాలి పుణ్యమా అని ఈ నెలలో నాలుగు బళ్ళు చూశాను. పద్నాలుగేళ్ళ పిల్ల. పాత బడిలో ఎవరితోనూ కలవలేకపోయింది.

వెళ్ళిన ప్రతిచోటా హెడ్మాస్టరు చివర్లో, "ఏమైనా అడగాలా తల్లీ?" అంటాడు.

"స్నేహితులు లేనివాళ్ళు మధ్యాహ్నం ఎక్కడ కూర్చుని తింటారండీ?"

"మా బడిలో అలాంటివాళ్ళు లేరమ్మా!"

అంతే, ఇది లేచి బయటికి. దణ్ణాలు పెట్టుకుంటూ వెనకాలే నేను. నేను దర్జీని. మనిషిని బట్టి గుడ్డ కత్తిరిస్తాం. బళ్ళలో గుడ్డను బట్టి మనిషిని కత్తిరిస్తారు కాబోలు. సరే, అదలా ఉంచండి.

"ఊళ్ళో ఇదే ఆఖరి బడి. నీకు పుణ్యముంటుంది, నోరెత్తకు," అని ఐదోచోట గుమ్మంలోనే బతిమాలాను.

అక్కడా అదే అడిగింది. నేను తల పట్టుకున్నాను.

హెడ్మాస్టరమ్మ వేలితో బయటి మెట్ల వైపు చూపించింది. "మెట్ల కింద. ముగ్గురున్నారు. ఎంత పిలిచినా భోజనాల గదిలోకి రారు. ఇక చేసేది లేక అక్కడే బల్ల వేయించాను."

మనవరాలు లేవలేదు. నావైపు తిరిగింది.

"తాతయ్యా, ఈ బడి పాసైంది."