ఒలిచిన పంపర పనస

పెయ్ షూ సంచిలోంచి పంపర పనస తీసి బల్ల మీద పెట్టగానే నింగ్ యావోకి విషయం అర్థమైపోయింది.

"రేపు నేను ఓడిపోవాలి, అంతేగా?" అంది, మోకాలికి కట్టు చుట్టుకుంటూనే.

పెయ్ షూ కుర్చీ లాక్కుని కూర్చుని చాకు కోసం జేబులు తడుముకుంది.

ఆ బ్యాడ్మింటన్ జట్టులో అదొక ఆచారం. ఒకే జట్టు అమ్మాయిలిద్దరు సెమీఫైనల్లో ఎదురుపడితే, ఫైనల్‌కి ఎవరు వెళితే మేలో కోచ్ ఆలోచిస్తాడు. ఓడాల్సిన పిల్ల గదికి వెళ్లి, తన చేత్తో పంపర పనస ఒలిచి ముందు పెడతాడు. నోటితో ఏమీ అనడు. ఆ పిల్ల ఒక తొన నోట్లో వేసుకుంటే ఒప్పుకున్నట్టే. గెలవాల్సిన పిల్లకి మాత్రం ఒక్క ముక్క కూడా చెప్పరు. చెబితే ఆటలో పస పోతుందని, అంపైర్లు పసిగడతారని భయం.

ఈ ఆచారం పెట్టింది పాత కోచ్ తాన్. మహానుభావుడు, ఆయన మనసు బస్సెక్కేదాకా ఒకచోట నిలిచేది కాదు. రాత్రి చెప్పిన జట్టు పొద్దున గంజి తాగే వేళకి మారిపోయేది. నిరుటి చలికాలంలో పోయాడు. ఆయన కుర్చీ పెయ్ షూకి వచ్చింది, దాంతోపాటు ఈ పండు ఒలిచే పనీ వచ్చింది.

"తోంగ్ కోసమేనా?" అని అడిగింది నింగ్ యావో. రేపటి సెమీఫైనల్లో తనకి ఎదురుపడేది అదే జట్టు పిల్ల తోంగ్.

"అటువైపు నుంచి ఫైనల్‌కి వచ్చే అమ్మాయికి తోంగ్ అంటే హడల్. నిన్నయితే నమిలేస్తుంది. మోకాలు చూసుకో ఒకసారి."

"మోకాలి సంగతి నాకు తెలుసులే అక్కా."

బయట నలుగురిలో 'కోచ్ గారూ' అంటుంది గానీ, తలుపు వేస్తే అక్కే. చిన్నప్పటి నుంచి చాంగ్షా హాస్టల్లో ఒకే గదిలో పెరిగారు. ఒకరి మిరపకాయ పచ్చడి ఇంకొకరు దొంగతనంగా తిన్నవాళ్లు. ఈ పోటీ అయిపోగానే నింగ్ యావో ఆట మానేస్తోంది. ఇన్నేళ్లలో ఒక్క పెద్ద ఫైనల్ కూడా ఆడలేదు. రేపు గెలిస్తే ఆడుతుంది, లేకపోతే ఇక ఈ జన్మకి లేదు.

నిజానికి ఒకసారి ఆడాల్సింది. అది ప్రపంచ స్థాయి పోటీ. సెమీఫైనల్లో ఎదురుగా నిలబడింది ఈ పెయ్ షూయే. ముందురోజు సాయంత్రం తాన్ గదికొచ్చి పండు ఒలిచాడు. నింగ్ యావో తినేసింది. 

ఓడటం కూడా ఒక విద్యే. షటిల్‌ని గీతకి వేలెడు అవతల పడేయాలి, పడేశాక అయ్యో అన్నట్టు మొహం పెట్టాలి. ఆ విద్యలో తనంతటిది లేదని నింగ్ యావో నమ్మకం. కానీ ఆ రోజు పెయ్ షూకి అస్సలు చెయ్యి ఆడలేదు. సర్వీసులు బయటికి పోయాయి, స్మాషులు నెట్‌కి తగిలాయి. ఓడటానికి నింగ్ యావో చెమటలు కక్కాల్సి వచ్చింది. గ్యాలరీలో తాన్ తల పట్టుకుని కూర్చున్నాడు. ముసలాడు భలే నటిస్తున్నాడు అనుకుంది. ఆఖరి పాయింటు అయ్యాక నెట్ దగ్గర చేయి కలుపుతూ ఏడ్చింది మాత్రం గెలిచిన పెయ్ షూ. ఎలాగోలా సంగతి కనిపెట్టి సిగ్గుపడుతోంది కాబోలు అనుకుంది నింగ్ యావో.

ఫైనల్లో పెయ్ షూకి బంగారు పతకం వచ్చింది. ఊరేగింపు జరిగింది, పాల డబ్బాల మీద ఫొటో పడింది. నింగ్ యావోకి కంచు దక్కింది. అప్పటి నుంచి పెయ్ షూ పంపర పనస ముట్టదు, ఎవరైనా పక్కన తింటే లేచి వెళ్లిపోతుంది. దానిక్కూడా నింగ్ యావో దగ్గర ఒకటే కారణం ఉంది. అప్పనంగా వచ్చిన బంగారం అరక్క.

ఇప్పుడు కూడా పెయ్ షూ చాకు తెరిచిందే గానీ పండు మీద పెట్టలేదు.

"ఒలువు అక్కా, తింటాను," అంది నింగ్ యావో. "కానీ ముందు ఒక్క మాట ఒప్పుకో. ఇన్నేళ్లుగా ఎదురుచూస్తున్నా. ఆ బంగారం నీ చేత్తో గెలుచుకున్నది కాదు. నేను వదిలేస్తే నీకొచ్చింది."

పెయ్ షూ చాకు మడిచి జేబులో పెట్టుకుంది. పండు తిరిగి సంచిలో వేసింది.

"రేపు నీ ఆట నువ్వు ఆడుకో. పైవాళ్లకి నేను చెప్పుకుంటాను."

"నేనడిగింది అది కాదు."

"తెలుసు."

"మరి ఒప్పుకోవడానికి ఏం? పరువు పోతుందా?"

పెయ్ షూ తలుపు దాకా వెళ్లి ఆగింది. తాన్ బతికున్నంత కాలం ఈ సంగతి బయట పెట్టనని ఆయనకి మాట ఇచ్చానని, ఆయన పోయాక చెబుదామంటే నింగ్ యావో మొహం చూసి ధైర్యం చాలలేదని నెమ్మదిగా అంది. నింగ్ యావోకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏ సంగతి అని అడిగింది.

"ఆ సెమీఫైనల్ రోజు పొద్దున ఆయన నాకూ పంపర పనస ఒలిచి పెట్టాడే."