గుడ్డు తేలిన నీళ్ళు

"ఎవరూ?" తలుపు సందులోంచి రోజూ అడిగినట్టే అడిగింది రహిమున్నీసా.

"చేపకి మేత వెయ్యడానికి వచ్చానండి," అన్నాడు మీరా హుస్సేన్, నత్తల సంచి పైకెత్తి చూపిస్తూ.

గొలుసు తీసింది. ఆ సంచి లేకపోతే తీసేది కాదు. మొదట్లో ఒకసారి ఖాళీ చేతులతో తిన్నగా లోపలికి నడవబోతే, ఆమె పెట్టిన కేకలకి వీధి వీధంతా పోగైంది. ఆ రోజు పడ్డ సిగ్గు పగవాడికి కూడా వద్దు. అప్పటినుంచి చేప పని మీదే వస్తున్నాడు. ఈ చేప పోతే ఆ గడప తొక్కడానికి అతనికి ఇంకో దారి లేదు. ఎందుకంత అవసరమంటే, ఊపిరి ఎందుకు అవసరమో అందుకే.

హాల్లో గాజు తొట్టి. అందులో బుడ్డోడు. గుండ్రటి ఒళ్ళు, వీపు మీద నల్ల చుక్కలు, చిలక ముక్కులాంటి పళ్ళు. బెదిరితే నీళ్ళు మింగి బంతిలా ఉబ్బుతాడు. లోపలంతా విషం కాబట్టి చీరాల మార్కెట్లో ఈ జాతిని కొనేవాడే లేడు. ఇదేం చేపో చెప్పింది గుంటూరు అక్వేరియం షాపువాడు. "ఇది సముద్రం పఫరండీ. మంచినీళ్ళలో వేస్తే చచ్చిపోద్ది" అన్నాడు ఫోటో చూసి.

"పెంకుతో సహా వెయ్యవయ్యా," అంది రహిమున్నీసా. "గట్టివి కొరక్కపోతే పళ్ళు పెరిగిపోయి నోరు మూతపడిపోద్ది. మెత్తటివి వేసి గారం చేస్తే చంపినట్టే."

"అట్టాగేనండి."

అతను వంగాడో లేదో, బుడ్డోడు తోకాడించుకుంటూ గాజు దగ్గరికి వచ్చేశాడు. ఒక కన్ను అతని మీద, ఒక కన్ను సంచి మీద.

"కొత్తవాళ్ళొస్తే రాయి చాటుకి పోతాడే! నిన్ను చూసి వస్తాడేం?"

"మేత కోసం లెండి."

"మా ఆయన తెచ్చాడు వీణ్ణి. వాడరేవులో వల దులుపుతుంటే ఇసకలో పడి కొట్టుకుంటున్నాడంట. విషపు చేప ఇంట్లోకెందుకయ్యా అంటే విన్లా." గోడ గడియారం వైపు చూసింది. "ఆయనొచ్చే వేళైంది. పరాయి మగాడు ఇంట్లో ఉంటే ఊరుకోడు. తొందరగా కానీ."

మీరా హుస్సేన్ తొందరగానే కానిచ్చాడు.

ఆ వారం వాయుగుండం పట్టుకుంది. వాడరేవు రోడ్డు మీద నీళ్ళు పారాయి. క్యాన్లతో సముద్రపు నీళ్ళు తెచ్చే తోమా రాలేదు. తొట్టిలో నీళ్ళు మడ్డి తేరాయి. బుడ్డోడు మేత మానేసి అడుగున కూర్చున్నాడు. నీళ్ళు మార్చకపోతే దక్కడు.

మీరా హుస్సేన్ నేరుగా వంటింట్లోకి వెళ్ళి, గట్టు కింద అరలోంచి కల్లుప్పు జాడీ తీశాడు.

"మా వంటింట్లో ఏదెక్కడుందో నీకెట్టా తెలుసు?" ఆమె గొంతులో అనుమానం.

"అందరిళ్ళలోనూ అక్కడేగదండి ఉండేది."

అతను పొన్నూరులో వరి పండించిన మనిషి. విత్తనాలు ఉప్పునీళ్ళలో పోసి తాలు తీసేటప్పుడు, ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికి కోడిగుడ్డు వేస్తారు. గుడ్డు తేలి, పైకి రూపాయి బిళ్ళంత కనిపిస్తే సరిపోయినట్టు. అతనికి తెలిసిన ఉప్పు లెక్క అదొక్కటే. బకెట్లో గుడ్డు తేలేదాకా కలిపాడు. చక్కగా తేలింది. ఆ నీళ్ళు తొట్టిలో పోసి, గండం గడిచిందనుకున్నాడు.

తెల్లారి తలుపు కొట్టి లోపలికి వచ్చేసరికి బుడ్డోడు వెల్లకిలా తేలుతున్నాడు.

తలుపు తీసి రహిమున్నీసా ఖురాన్ చదువుకోవడానికి లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. ఇంకా చూడలేదు. అతను చేపను కవర్లో చుట్టి సంచిలో దాచి, తోమాకి ఫోన్ చేశాడు.

"గుడ్డు తేలేంత ఉప్పా?" తోమా అరిచాడు. "సముద్రంలో గుడ్డు మునుగుద్ది సాయిబు గారూ! చేపని ఊరగాయ పెట్టారు మీరు!"

"అట్టాంటిదే ఇంకోటి కావాలి తోమా. నీ కాళ్ళు పట్టుకుంటా."

గంటకి వాన తెరిపిచ్చింది. తోమా క్యాన్లతో పాటు ఇంకో పఫర్‌ని తెచ్చాడు. అదే సైజు. అవే చుక్కలు. పుట్టినప్పటినుంచీ చేపల మధ్య బతికిన తోమాకే తేడా తెలియలేదు.

ఖురాన్ ముగించి రహిమున్నీసా వచ్చి తొట్టి ముందు వంగింది. చేప రాయి చాటుకి పోయింది.

"వీడు బుడ్డోడు కాదు."

"వాడేనండి. నీళ్ళు మార్చాం కదా, బెదిరాడు."

"నాకు చెప్తావా? వాడి ఎడమ కంటి కింద చుక్క రెండుగా చీలి ఉంటది. ఒకసారి చూశానంటే మొహం మర్చిపోను నేను. వాణ్ణేం చేశావు?"

మీరా హుస్సేన్ కళ్ళు సంచి వైపు పోయాయి. ఆమెకు అర్థమైపోయింది.

చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "యా అల్లా! ఆయనొస్తే ఏం చెప్పను? ఈ పరాయిదాన్నీ తీసుకుపొండి. మళ్ళీ ఈ గడప తొక్కావంటే కాళ్ళిరగ్గొట్టిస్తా!"

తోమా తల వంచుకుని కొత్త చేపను క్యాన్‌లో వేసుకుని వెళ్ళిపోయాడు. మీరా హుస్సేన్ గుమ్మం దాటాడు. వెనక గొలుసు పడింది. గడియ కూడా పడింది.

లోపల తన కోసమే ఎదురుచూస్తూ ఏడుస్తున్న భార్య గొంతు వింటూ, ఆ ఇంట్లో తనను గుర్తుపట్టిన ఆఖరి ప్రాణిని ఒళ్ళో పెట్టుకుని, మీరా హుస్సేన్ తన ఇంటి మెట్ల మీద కూలబడ్డాడు.