పదికి పది

"ఈ మరకతోనా? ససేమిరా కుదరదు చెల్లెమ్మా!"

బొమ్మల కార్డులకి మార్కులేసి, ప్లాస్టిక్ పెట్టెల్లో పెట్టి మూసే కొట్టాయన భూతద్దం పక్కన పెట్టేశాడు. కార్డు మీద మొలకయ్య పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. నెత్తిన రెండాకులు, ఆకుపచ్చటి బానపొట్ట. ఆ పొట్ట మీద చిక్కుడు గింజంత జామ్ మరక.

"ఎలా ఉందో అలాగే మూసెయ్యండన్నయ్యా," అంది ఆమె.

"ఈ పెట్టె ఒకసారి అతికిందంటే మళ్లీ పగలగొట్టాల్సిందే. మరక జన్మంతా లోపలే ఉండిపోతుంది."

"ఉండనీండి."

"పదికి నాలుగు కూడా రావు."

"సున్నా వెయ్యండి. గాలి దూరకుండా చూడండి, చాలు."

ఆమె కాళ్లకి చూస్తే రెండు వేర్వేరు చెప్పులు. ఆయనకి జాలేసింది.

"కార్డెవరిది?"

"మా పాపది. తొమ్మిదేళ్లు. మొలకయ్యంటే ప్రాణం."

"అయ్యో, ఎంత పని జరిగింది!"

"తప్పు నాదేనన్నయ్యా. నేను చూసుకోవాల్సింది." ఆమె భోరుమంది.

కూతురి అలకకి ఇంతగా దడిసే తల్లిని ఆయన ఎక్కడా చూడలేదు. "ఊరుకో, ఊరుకో. అలా కూర్చో," అన్నాడు. ఆమె గోడవైపు తిరిగి, కొంగులో ముఖం దాచుకుని స్టూలు మీద కూలబడింది.

ఏడ్చేవాళ్లు చెప్పినట్టల్లా చేస్తే పనితనం ఏం కావాలి? ఆయనది ఇరవయ్యేళ్ల చెయ్యి. దూది తడిపి, ఊపిరి బిగబట్టి, రంగు చెదరకుండా మరకంతా లాగేశాడు. మొలకయ్య ఇప్పుడే అచ్చులోంచి దిగినట్టున్నాడు. పెట్టె అంచులు నాలుగూ అతికించి, పైన 'పది' అని చీటీ అంటించాడు. కూలి కూడా వద్దనుకున్నాడు.

"ఇదిగో చెల్లెమ్మా! ఇక మీ పాప నిన్ను పల్లెత్తు మాట అనదు."

ఆమె పెట్టెని వెలుతురుకి ఎత్తి పట్టింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"మరకేదన్నయ్యా?"

"మచ్చుకైనా ఉందేమో చూడు!"

ఆమె బొటనవేలు ప్లాస్టిక్ మీద, మొలకయ్య పొట్ట దగ్గర తడుముకుంటూ ఆగిపోయింది.

"ఇల్లంతా నేనే కడిగేసుకున్నాను, తెలివిలేక... పోయిన నా బిడ్డది ఆ వేలిముద్రొక్కటే మిగిలిందన్నయ్యా."