లాకుల దగ్గరి వాలు

సువర్చల టీచరు రిటైరయ్యాక కూడా రోజూ పొద్దున్నే కాలువ గట్టు మీద సైకిలు తొక్కేది. లాకుల దగ్గర గట్టు దిగే వాలంటే ఆవిడకు ప్రాణం. అక్కడ బ్రేకులు వదిలేస్తే కొంగు గాలికి ఎగిరేది, కాలువ నీళ్ళ చల్లదనం ముఖానికి తగిలేది.

అరవై దాటినవాళ్ళు నాడి చూసే సైకిలే తొక్కాలని నిబంధన వచ్చాక, సరిగ్గా ఆ వాలు కనపడేసరికి చక్రాలు బిగుసుకుపోసాగాయి. హ్యాండిలు మీద ఎర్ర దీపం వెలిగేది. "మీరు భయపడుతున్నారు. వేరే దారిన వెళ్దాం," అనేది సైకిలు.

"నాకు భయమేంటయ్యా, ముప్పై ఏళ్ళుగా దిగుతున్న వాలు," అని సైకిలు షాపు పానకాలు మీద విసుక్కుంది.

"గుండె జోరుగా కొట్టుకుంటే దాని లెక్కలో భయమేనండి టీచరుగారూ. సంతోషమని ఇంకోటుందని దానికెవరూ చెప్పలేదండి. మీరు నిమ్మళంగా ఉంటే అదే వదిలేత్తాదండి."

నిమ్మళంగా ఉండడానికి లెక్కల టీచరుకు తెలిసిన మందు ఎక్కాలే. వాలు రాబోతుందనగా చూపు ముందు చక్రం మీదికి దించి, పదమూడో ఎక్కం మొదలుపెట్టేది. పదకొండో రోజున పచ్చ దీపం వెలిగింది. సైకిలు ఆగకుండా వాలు దిగింది.

తిరిగొస్తుంటే పానకాలు షాపులోంచి బయటికొచ్చాడు. "దిగారాండి? ఎలా ఉందండి?"

కాలువలో నీళ్ళు వదిలారో లేదో గుర్తు చేసుకోబోయింది సువర్చల. గుర్తు రాలేదు.

"కిందికొచ్చేసరికి పదమూడు పదులు నూటముప్పై అయిందయ్యా," అంది.