దొరగారి పరీక్ష

పరీక్ష ఇంకాసేపట్లో ఉందనగా దొరగారు సూపరింటెండెంటు చెప్పు తినేశారు. ఎడమది. కుడిది నచ్చక వదిలేశారని కాదు, అది ఇంకా సూపరింటెండెంటు కాలికే ఉంది.

డాక్టరమ్మ గుండె జారి గచ్చు మీద పడింది.

దొరగారు కుక్క. బాల నేరస్థుల గృహంలో ఈ కుక్కల పథకం పెట్టించింది డాక్టరమ్మే. ఆవిడ మనసులకి వైద్యం చేస్తుంది. అనుకున్నది మరుక్షణం చేసేసే కుర్రాళ్లకి, అలాంటి బుద్ధే ఉన్న వీధికుక్కల్ని అప్పగిస్తారు. కుక్కకి ఆగడం నేర్పేవాడికి తనకూ ఆగడం వస్తుందని ఆవిడ నమ్మకం. ఎదురుగా బిస్కెట్టు పెట్టినా, 'ఊఁ' అనేదాకా ముట్టకుండా కూర్చుంటే కుక్క పాస్. పాసైన కుక్కని ఓ మంచి కుటుంబం తీసుకెళ్తుంది. నేర్పిన కుర్రాడికి శిక్షలో మూడు నెలలు తగ్గుతాయి.

ఫెయిలైతే తగ్గేదేమీ లేదు. పైగా అలాంటి కుక్క ఎవరికీ అక్కర్లేదు కాబట్టి, నేర్పినవాడే దాన్ని విడుదలయ్యేదాకా భరించి, పోతూ పోతూ వెంట తోలుకుపోవాలి. ఈ షరతు సూపరింటెండెంటు చేర్చాడు, కుర్రాళ్లకి కాస్త భయం ఉండాలని.

దొరగారికి గురువు తూటా. వాడికి పదిహేడేళ్లు. డ్రైవరు ఇంజను ఆపకుండా టీకి దిగిన సిటీ బస్సుని ఊరి చివరిదాకా తోలుకెళ్లి ఇక్కడికొచ్చాడు. ఎందుకు తోలావని అడిగితే, ఖాళీగా ఉందన్నాడు. మరి ప్రతి స్టాపులోనూ ఎందుకు ఆపావంటే, జనం చెయ్యెత్తారు, ఆపకపోతే బాగోదు కదా మేడం అన్నాడు. ఒక ముసలాయనకి దగ్గరుండి సీటు కూడా ఇప్పించాడట.

డాక్టరమ్మ కొలతల ప్రకారం తూటాకి దుడుకు నడినెత్తి దాకా ఉంది, పశ్చాత్తాపం అరికాళ్లలో వెతికినా లేదు. ప్రపంచంలో ఏ ప్రాణి మీదా మమకారం ఉన్న ఆనవాళ్లు లేవు. అబద్ధం ఆడేటప్పుడు మాత్రం వాడి ముఖం ఫ్రేము కట్టించిన పటంలా వెలిగిపోతుంది. బయట వాడికున్నది ఒక్క అక్క. ఆమె మెకానిక్ షెడ్డులో పని మాట్లాడిపెట్టి ఎదురుచూస్తోంది. అందుకే ఆ మూడు నెలలూ తగ్గాలని వాడికన్నా డాక్టరమ్మకే ఎక్కువ ఆరాటం.

"ఒరేయ్ నాయనా, ఇవాళ ఒక్కరోజు దాన్ని అదుపులో పెట్టరా," అని బతిమాలింది.

"నా చేతుల్లో ఏముంది మేడం," అన్నాడు తూటా. "వాడూ నాలాంటోడే. అనుకునేలోపే చేసేస్తాడు."

దొరగారిని పెంచుకుందామని ఒక పళ్ల డాక్టరు భార్యతో సహా వచ్చాడు. ఆయన కుక్క మెడకి కొత్త బెల్టు తెచ్చాడు. ఆవిడ తన చేత్తో కుట్టిన బుల్లి పరుపు తెచ్చింది. దొరగారు పరుపు వంక చూశారు. తూటా కూడా చూశాడు.

హాలు మధ్యలో బిస్కెట్టు పెట్టారు.

"ఆగు," అన్నాడు తూటా.

దొరగారు బిస్కెట్టు తిన్నారు. దాని కింద పరిచిన కాగితం తిన్నారు. అక్కడితో ఆగితే ఆయన దొరగారెందుకవుతారు? మిగతా పొట్లం సూపరింటెండెంటు చేతిలో ఉందని కనిపెట్టి, ఆయన్ని హాలంతా పరిగెత్తించారు. మామూలు రోజుల్లో కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరు సాయం పట్టాల్సిన సూపరింటెండెంటు, ఒంటి చెప్పుతో లేడిపిల్లలా బల్ల మీదికి ఎగిరాడు. దొరగారూ ఎగిరారు. ఇద్దరు పెద్దమనుషుల్ని మొయ్యలేక బల్ల రెండు ముక్కలైంది.

తర్వాత పరుపు వంతు వచ్చింది. హాల్లో దూది ఎంత లేచిందంటే, కాసేపు ఎవరు మనిషో ఎవరు తలగడో తెలియలేదు. జీవితమంతా జనం నోళ్లలో చెయ్యి పెట్టి బతికిన పళ్ల డాక్టరు, దొరగారి నోరు చూసి చేతులు రెండూ జేబుల్లో దాచుకున్నాడు.

ఇంకొక్క అవకాశం ఇద్దామని డాక్టరమ్మ దూదిలోంచే వేడుకుంది. ఇచ్చారు. ఈసారి దొరగారు ఆవిడ హ్యాండ్‌బ్యాగు తిన్నారు.

ఇంత జరుగుతున్నా తూటా ఆగరా, ఆగరా బాబూ అని అరుస్తూనే ఉన్నాడు. పాపం, గొంతు బొంగురుపోయింది.

పళ్ల డాక్టరు దంపతులు బెల్టు అక్కడే వదిలేసి, ఏదో అర్జెంటు పన్ను గుర్తొచ్చిందని వెళ్లిపోయారు.

"ఫెయిల్," అన్నాడు సూపరింటెండెంటు, సగం బల్ల మీద కూర్చుని. "ఏరా, విన్నావా? మూడు నెలలూ ఇక్కడే ఏడువు. పోయేరోజు ఈ దరిద్రాన్ని నీ నెత్తినే పెట్టి పంపిస్తా. దీని వెంట్రుక ఒక్కటి ఇక్కడ మిగలడానికి వీల్లేదు."

తూటా రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదిలిపోతున్నాయి. వాడు ఏడవగా చూడటం డాక్టరమ్మకి ఇదే మొదలు. సంతోషించాలో బాధపడాలో తెలియక ఆవిడ ప్రాణం ఉసూరుమంది.

మధ్యాహ్నం భోజనం సహించలేదు. వాణ్ని ఓదారుద్దామని కుక్కల షెడ్డు వైపు నడిచింది. దుడుకుతనం ఒక్కరోజులో పోయేది కాదని, ఓపిక మెల్లగా అలవడుతుందని, చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా పేర్చుకుంది.

షెడ్డు పక్క స్నానాల గదిలో నీళ్ల చప్పుడు. దాని మీదుగా తూటా ఈల.

షెడ్డు తలుపు ఓరగా వేసి ఉంది. డాక్టరమ్మ తొంగిచూసింది.

లోపల దొరగారు ముక్కు కొస మీద బిస్కెట్టు మోస్తూ, కారిన చొంగ నేల మీద మడుగు కడుతున్నా మీసం కూడా కదపకుండా, స్నానానికి వెళ్లిన తూటా తీరిగ్గా తల తుడుచుకుంటూ వచ్చి 'ఊఁ' అనేదాకా, బొమ్మలా కూర్చునే ఉన్నారు.